తప్పుల వంటపుస్తకం

ఆ రోజు పొద్దున అమ్మ పొయ్యి మీద పాలు పెట్టి, నన్ను పిలిచి "ఆ కత్తెర ఇట్లియ్యి" అంది. పాలకు కత్తెరెందుకో నాకర్థం కాలేదు. చెయ్యేమో గరిటె వైపు చూపిస్తోంది. ఇంకా నిద్రమత్తు వదల్లేదనుకుని గరిటె అందించాను. వేళ్లు మూసుకోలేదు, గరిటె కింద పడింది. దాన్ని తీయబోతూ అమ్మ గోడకానుకుని అలాగే జారి కూర్చుండిపోయింది. చూస్తే నోరు ఒక పక్కకి వంకరపోయి ఉంది. పాలు పొంగి స్టవ్ ఆరిపోయింది. "అమ్మా, అమ్మా" అంటూ నేను కుదుపుతుంటే నా వంక చూసిందే గానీ పలకలేదు.

మేము తొండియార్‌పేటలో ఉంటాం. మా తాతల కాలం నుంచీ ఈ ఊళ్లోనే. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. నేను సౌకార్‌పేటలో ఒక హోల్‌సేల్ బట్టల కొట్టులో పని చేస్తాను. నాన్న పోయాక అమ్మ నా దగ్గరికి వచ్చేసింది. నా కూతురు దివ్య కాలేజీలో చదువుతోంది. దానికి తెలుగు అర్థమవుతుంది, మాట్లాడబోతే రెండు మాటలకే తమిళంలోకి జారిపోతుంది. చదవడం, రాయడం అసలే రాదు.

ఎమర్జెన్సీలో డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, "ఆఖరుసారి మామూలుగా ఎప్పుడు చూశారు?" ముందు రోజు రాత్రి అన్నం తిన్నప్పుడు అన్నాను. సీటీ స్కాన్, ఆ తర్వాత ఎంఆర్ఐ తీశారు. "ఇది స్ట్రోక్ అమ్మా. నిద్రలోనే మొదలై ఉంటుంది. క్లాట్ కరిగించే ఇంజెక్షన్‌కి టైమ్ దాటిపోయింది" అన్నాడాయన. నేను తలూపాను. ఆ సమయంలో ఏం చెప్పినా తలూపేదాన్నే.

న్యూరాలజిస్ట్ మర్నాడు కాస్త నిదానంగా చెప్పారు. "కుడి చెయ్యి, కాలు ఫిజియోతో కొంతవరకు వస్తాయి. మాట సంగతి ఇప్పుడే చెప్పలేను. దీన్ని అఫేసియా అంటాం. ఆవిడకి చాలావరకు అర్థమవుతుంది. చెప్పాలనుకున్న మాట మాత్రం దొరకదు."

మా అమ్మకి మాట దొరకకపోవడం! వీధి చివర చేపలమ్మే ఆమెతో బేరం మొదలుపెడితే మా ఇంటిదాకా వినిపించేది.

స్ట్రోక్‌కి కొన్నాళ్ల ముందే దివ్య ఒక లావుపాటి అట్ట పుస్తకం కొనుక్కొచ్చింది. అమ్మమ్మ వంటలన్నీ అందులో రాయాలని దాని ఆశ. అమ్మ నవ్వి కొట్టిపారేసింది. "నేనుండాను కదే, బుక్కెందుకు? ఉప్పెంత అంటే నా చేతికి తెలుస్తాది. నోటికేం తెలుసు?" అంది. పుస్తకం అలాగే ఫ్రిజ్ మీద ఉండిపోయింది.

వార్డుకి మార్చాక ఒక మధ్యాహ్నం, ముక్కులో ఆహారం పట్టే రైల్స్ ట్యూబ్‌తో పడుకుని ఉన్న అమ్మ పైకి చూస్తూ "ఉప్పు" అంది. నేను నర్సుని పిలిచాను, దివ్యకి ఫోన్ చేశాను, అందరికీ చెప్పాను. స్పీచ్ థెరపిస్ట్ నిత్య అని తమిళమ్మాయి. ఆ అమ్మాయి అడిగింది, "ఏ భాషలో అన్నారక్కా?"

రెండు భాషల్లోనూ ఉప్పు ఉప్పే. తెలుగు వచ్చిందో, తమిళం వచ్చిందో ఎవరికీ తెలియలేదు.

ఇక ఆ తర్వాత అన్నిటికీ అదే మాట. నీళ్లు కావాలన్నా ఉప్పు, బాత్రూమ్‌కి తీసుకెళ్లమన్నా ఉప్పు, ఫ్యాన్ తగ్గించమన్నా ఉప్పు. నన్ను పిలవాలన్నా ఉప్పే. నా పేరు కోమల. ఆ పేరు మళ్లీ ఆమె నోట వింటానా అన్నదే నాకు పెద్ద దిగులు. అసలు చిత్రమేమిటంటే, ఉప్పు డబ్బా ఎదురుగా పెట్టి "ఇదేందమ్మా" అంటే మాత్రం నోరు పెగిలేది కాదు.

ఇంటికి తెచ్చుకున్నాం. ట్యూబ్ తీసేశాక అంతా గట్టెక్కామనుకున్నాను. ఇంతలో దగ్గు పట్టుకుంది, జ్వరమొచ్చింది, మళ్లీ అడ్మిట్ చేశాం. "నీళ్లలా ఉండేవి మింగితే ఊపిరితిత్తుల్లోకి పోతున్నాయి. ఆస్పిరేషన్ న్యుమోనియా. రసం, కాఫీ, ఏదైనా చిక్కగా చేసే ఇవ్వాలి" అన్నారు. మిరియాల రసం పేరు చెబితే చాలు లేచి కూర్చునే మనిషికి, దాన్ని పౌడర్ కలిపి గంజిలా చేసి స్పూన్‌తో పట్టాను. అమ్మ మొహం తిప్పేసుకుంది. తప్పని నేననలేను.

అది తగ్గాక థెరపీ మళ్లీ మొదలైంది. నిత్య మంచి పిల్ల, ఓపిక ఎక్కువ. బొమ్మల కార్డులు చూపించేది, ఆపిల్, విమానం, గొడుగు. "ఇదెన్నమ్మా?" అని తమిళంలో అడిగేది. అమ్మ "ఉప్పు" అనేది. అది తప్పని తనకే తెలిసి కళ్లు మూసుకునేది. ఒకరోజు ఎడం చేత్తో కార్డులన్నీ తోసేసింది. ఆటోలో ఇంటికొచ్చేటప్పుడు ఇద్దరం చెరో పక్క చూస్తూ కూర్చున్నాం.

కొట్టులో సగం పూటకి ఒప్పుకున్నారు. పొద్దున స్నానం, మందులు, ఫిజియో, ఆ తర్వాత బస్సు, పని, మళ్లీ బస్సు, ఇంటికి రాగానే థెరపీ. మా ఆయన బట్టలుతికేవారు, దివ్య అన్నం పెట్టేది. అందరూ చేశారు. అయినా నేనలిసిపోయాను. ఏడుపు కూడా వచ్చేది కాదు, ఏడవాలన్నా ఒక చోట కూర్చోవాలి కదా. ఎవరైనా ఫోన్ చేసి "ధైర్యంగా ఉండు" అంటే ఒళ్లు మండేది.

ఒక ఆదివారం దివ్య ఆ పుస్తకం దించింది. "అమ్మమ్మ చెప్పే వరకు ఖాళీగా ఉంచడమెందుకు, వీడియో చూసి రాసేస్తా, అప్పురం... తర్వాత సరిచేసుకుందాం" అని చేపల పులుసు తమిళంలో రాసి నా చేతిలో పెట్టింది. అమ్మ పక్కన కుర్చీలో ఉంది. ఏదో కాలక్షేపం అవుతుందని తెలుగులోకి మార్చుకుంటూ పైకి చదివాను. నా ధ్యాసంతా కుక్కర్ విజిల్ మీద ఉంది. "పులుసు మరిగాక చేప ముక్కలు వేసి గరిటెతో బాగా కలపాలి" అన్నాను.

"గంటె ఒద్దు!"

టీవీలో ఎవరో అన్నారనుకున్నాను. టీవీ ఆపేసి ఉంది. అమ్మ మొహం ఎర్రబడింది. ఎడం చెయ్యి గాల్లో గుండ్రంగా తిప్పుతోంది. "చట్టి... చట్టి తిప్పు!"

చేపల పులుసులో గరిటె పెడితే ముక్కలు విరిగిపోతాయి. చట్టి అంచులు గుడ్డతో పట్టుకుని మెల్లగా తిప్పాలి. ఆ సంగతి అమ్మ నాకు చిన్నప్పుడే నేర్పింది. దివ్యా, నేనూ ఒకరినొకరు చూసుకున్నాం. కుక్కర్ ఎన్ని విజిల్స్ వేసిందో ఇద్దరికీ తెలియదు.

నిత్యకి చెబితే ఎగిరి గంతేసినంత పని చేసింది. "అడిగితే రాని మాట కోపంలో వచ్చేస్తుంది అక్కా, కొందరికి అలా జరుగుతుంది. ఇంకా తప్పులు చదవండి. తెలుగులోనే చదవండి. ఆమె లోపల ఉన్న భాష అదేనేమో, నేను తమిళంలో అడుగుతూ కూర్చున్నాను."

అలా మొదలైంది మా తప్పుల చదువు. రాత్రి ఒక వంటలో ఒక తప్పు పెట్టి నేనే తెలుగులో రాసేదాన్ని. సాయంత్రం థెరపీలా చదివేదాన్ని. గోంగూర పచ్చడిలో నిమ్మకాయ పిండాలంటే "ఛీ" అంది. పప్పుచారులో పాలు పోయాలంటే "పిచ్చా నీకు?" అంది. ఆ తిట్టు విని నాకెంత సంతోషమో! ఆమె ఏది చెబితే అది నా తప్పు కొట్టేసి పైన ఎర్ర పెన్నుతో రాశాను. అట్ట పుస్తకం నిండా కొట్టివేతలే.

రోజూ జరిగేదని చెప్పను. వారాల తరబడి ఉప్పు తప్ప ఏమీ రాని రోజులున్నాయి. ఎంత ఘోరమైన తప్పు చదివినా కిటికీ వంకే చూస్తూ కూర్చునేది. అప్పుడు పుస్తకం మూసేసి, మాత్రలిచ్చి పడుకోబెట్టేదాన్ని.

ఒకసారి మునక్కాయ సాంబారులో కోడిగుడ్డు కొట్టి పోయాలని చదివాను. అమ్మ నన్ను చాలాసేపు అలాగే చూసింది. ఆ తర్వాత "కావాలనే" అంది. "కావాలనే... కోమలా!" వంకర నోటితోనే నవ్వింది. దివ్య పకపకా నవ్వింది. నేను మాత్రం నేల మీద కూర్చుని, ఇన్నాళ్లదీ కలిపి ఏడ్చేశాను.

ఇప్పుడు అమ్మ కర్ర పట్టుకుని వంటింటిదాకా నడుస్తుంది. కుడి చేతి వేళ్లు పట్టు ఇవ్వవు. రెండు మూడు మాటలు కలిపి మాట్లాడుతుంది, అదీ తెలుగే. తమిళం బాగా తగ్గిపోయింది. చేపలామెతో బేరానికి నేను పక్కన నిలబడాలి. అలిసిపోతే మళ్లీ ఉప్పులోకి వెళ్లిపోతుంది. "ఇంతైనా వస్తుందని నేననుకోలేదు. ఇంకెంత వస్తుందో చెప్పలేను" అన్నారు న్యూరాలజిస్ట్. నాకూ బీపీ మాత్ర మొదలైంది. అమ్మకి బాగుందా అని ఎవరైనా అడిగితే బాగుంది అంటాను.

ఈ జబ్బు మనిషి ఇంట్లో ఉన్నవాళ్లకి నేను చెప్పగలిగింది ఒకటే. వాళ్లు మాట కోసం వెతుకుతుంటే అందించకండి. తప్పు మాట అన్నారని తోసేయకండి. నోరు మూసుకుని కాసేపు ఆగండి. చేసేవాళ్లకి తెలుస్తుంది, అంతకంటే కష్టమైన పని లేదని.

పోయిన ఆదివారం చేపల పులుసుకి శుభ్రమైన ప్రతి రాశాను. అమ్మ దిద్దినవన్నీ చేర్చి, ఒక్క తప్పూ లేకుండా. చింతపండు, పుల్ల మామిడికాయ, కారం, ధనియాలపొడి, దించే ముందు మెంతిపొడి, చట్టి తిప్పడం, అన్నీ చదివాను. అయిపోయింది. కాసేపయ్యాక అమ్మ "ఉప్పు" అంది.

అలిసిపోయిందనుకున్నాను. నీళ్లు కావాలా అని నోటిదాకా వచ్చింది, ఆపుకున్నాను. అమ్మ వేలు పుస్తకం మీద పెట్టి మళ్లీ అంది, "ఉప్పు."

మొదటి నుంచీ చదువుకున్నాను. ఉప్పు రాయలేదు. ఈసారి కావాలని చేసింది కాదు, నిజంగానే మర్చిపోయాను.

"ఎంతమ్మా?" అని పెన్ను తీశాను.

అమ్మ ఎడం చెయ్యి చాచింది. డబ్బా తెచ్చి ఆ చేతిలో కొంచెం కొంచెంగా పోశాను, ఆమె వేళ్లు ముడిచేదాకా.