తిరగవాత లేని శనివారాలు

ఆరో తరగతిలో బడికి సెలవు పెట్టాను. ఆ సెలవు ఇంకా అయిపోలేదు. అప్పటి నుంచి హిందూపురంలో బజ్జీల బాణలి ముందు నిలబడి ఉన్నాను. కూర్చోవడం నాకు చేతకాదు. పెళ్లిచూపుల నాడు కూడా మాటిమాటికీ లేచి గుమ్మం దాకా పోయి వచ్చానట. పెళ్లికొడుకు పారిపోతాడేమోనని మా మామ నా చెప్పులు దాచిపెట్టించాడని నా భార్య ఇప్పటికీ చెబుతుంది.

అలాంటి మనిషిని పట్టుకుని ఈ ఏడు ఆమె ఒక కోరిక కోరింది. శని ఆదివారాలు పెనుకొండ దగ్గరి ఇంట్లో గడపాలి. తోట వేయాలి, వండుకోవాలి, తినాలి, కాసేపు కూర్చోవాలి. మొదటి మూడింటికీ ఒప్పుకున్నాను.

ఆ ఇల్లు మా మామది. శెనక్కాయ చేనికి కావలి పడుకోవడానికి కట్టుకున్న రెండు గదులు. చేను ఎప్పుడో అమ్ముడుపోయింది. ఆయన పోయాక గదులూ, వాటి వెనక కొద్దిపాటి నేలా నా భార్యకు వచ్చాయి. హిందూపురంలో మేముండే బాడుగ ఇంట్లోకి మట్టి రావాలంటే చెప్పులకు అంటుకుని రావాల్సిందే. అందుకని ఆ నేలను చూస్తే ఆమెకు చేతులు ఊరుకోవు. మా కొట్టు ఉండేది ఆఫీసుల వీధిలో. శనివారం మధ్యాహ్నానికి ఆఫీసువాళ్లకు ఆకలి తగ్గి ఇంటి మీద ప్రేమ పెరుగుతుంది. మేమూ బాణలి బోర్లించి బస్సెక్కుతాము.

కంచెకు అవతల మల్బరీ తోట, ఒక రేకుల షెడ్డు. అందులో ఒక ఆడమనిషి పట్టుపురుగులు పెంచుతుంది. నన్ను అన్నా అంటుంది, నా భార్యను వదినా అంటుంది. ఆమె భర్త ధర్మవరంలో మగ్గం నేస్తాడు, వారానికో రోజు వస్తాడు. ఆమె తీసే పట్టూ ఆయన నేసే పట్టూ ఎక్కడో ఒకచోట కలుస్తాయేమో గానీ, మొగుడూ పెళ్లాలు కలిసేది తక్కువ. మా తోటకు నీళ్లు ఆమె బోరువే. అడగకుండానే పైపు మా వైపు తిప్పుతుంది.

అంత మంచి మనిషి సంక్రాంతి దాటాక ఒక మాట అడిగింది. ఆమెకు ఆకు చాలడం లేదు. మా నేల కూడా గుత్తకిస్తే మల్బరీ వేసుకుంటానంది. నా శనివారాలు నాకు తిరిగి వస్తున్నాయని నేను దాదాపు ఎగిరి గంతేశాను. నా భార్య గంతేయలేదు. అప్పటికే ఆమె అనప విత్తనాలు వేసి ఉంది, కాలం దాటిపోయాక వేసింది.

“ఈ తోట ఒక్క కుండ పితికిపప్పుకు సరిపడా కాయలియ్యకపోతే, నువ్వన్నట్లే ఆమెకు ఇచ్చేద్దాం” అంది నాతో.

పితికిపప్పంటే అనపగింజలు నానేసి, ఒక్కో గింజనూ వేలితో పితికి, తోలు తీసి వండే కూర. అంత పని పెట్టే కూర మీద పందెం కాసిందంటే ఈ నేల ఆమెకు ఎంత కావాలో నాకు తెలియకపోలేదు. తెలిసీ సరేనన్నాను. ఆ కుండ నిండదని నా నమ్మకం. కంచె దగ్గరికి పోయి పందెం సంగతి చెప్పి, నేను ఇక్కడ ఉండలేను, తీసుకుందువులే అని ఆమెకు మాట కూడా ఇచ్చేశాను.

ఫాల్గుణంలో అనప తీగ పూతకొచ్చింది. ఆ శనివారం నేను పొయ్యి మీద నూనె కాచి, ఎండుమిరపకాయలు వేసి పప్పుకు తిరగవాత పెడుతున్నాను. షెడ్డులోంచి కేక వినిపించింది.

“అన్నా, ఆపన్నా! ఏం జేస్తాండావు నువ్వు? పురుగులు రెండో జ్వరంలో ఉండాయి. ఈ ఘాటు తగిలితే ఇంగ మేత ముట్టవు.”

“జ్వరమొచ్చినోళ్లకు కారంకారంగా పెడితేనే కదమ్మా నోరు బాగుపడేది.”

“నీ నోరు బాగుపడల్లంటే ఏం పెట్టల్లో చెప్పు, ముందు అది పెడతా.”

పురుగు మేత మానేసి, కదలకుండా ఉండి, పాత పొర విడిచే సమయాన్ని వాళ్లు జ్వరం అంటారట. కదలకుండా ఉండడమే జ్వరమని విని నాకు ఎంతో ఊరట కలిగింది. చిన్నప్పటి నుంచీ నేను మొత్తుకుంటున్నది అదే. అలాంటి జ్వరాలు నాలుగు దాటాక పురుగు గూడు కడుతుంది. అప్పటిదాకా కంచె ఇవతల తిరగవాత బంద్, అగరుబత్తి బంద్. నా చొక్కా కూడా బంద్. వారమంతా బజ్జీల దగ్గర నిలబడ్డ చొక్కా కదా, ఉతికినా ఘాటు పోలేదని ఆమె నన్ను కంచె దగ్గరికి కూడా రానియ్యలేదు.

ఆ శని ఆదివారాలు మేము తిన్నది సంగటి, ఉడకేసిన ఆకుకూర, మజ్జిగ. ఆసుపత్రిలో పెట్టేది కూడా ఇంతకంటే రుచిగా ఉంటుంది. తిన్నాక ఏం చేయాలో తోచేది కాదు. గుమ్మం దగ్గర కూర్చుంటే కాలు దానంతటదే ఊగేది. లేచి తోట చుట్టూ తిరిగేవాడిని, మళ్లీ వచ్చి కూర్చునేవాడిని.

“ఏమయ్యా, గమ్మున ఒకచోట ఉండలేవా? నిన్ను చూస్తాంటే నాకు తల తిరగతాంది” అనేది నా భార్య.

“నువ్వు చూడాకు.”

“ఈడ చూసేదానికి ఇంగేముండాది?”

ఆ తిరుగుడులోనే చూశాను. లేత కొసలన్నీ ఎవరో కాటుక పూసినట్టు నల్లగా ఉన్నాయి. పేనుబంక, రసం పీల్చే పురుగు. పూత మీద, పిందెల మీద, ఆకుల వెనక, అంతా అదే. పందెం ప్రకారం నేను సంతోషపడాలి. నేనేమో పరిగెత్తిపోయి పొగాకు కాడలు కొనుక్కొచ్చి, తీగకు చల్లుదామని బకెట్టులో నానేశాను. ఎందుకు చేశానో అప్పుడు ఆలోచించలేదు. ఏదో ఒకటి చేయకపోతే ఊపిరాడదు నాకు.

“అన్నా, ఆ బకెట్టులో ఏముండాది?” కంచె అవతల నుంచి మా పక్కింటామె.

“కాఫీ.”

ఆమె నవ్వలేదు. “గాలి మా ఆకు దిక్కే తోలతాంది. ఆ నీళ్లు పడిన ఆకు మేస్తే ఒక్క పురుగు మిగలదన్నా. ఇది పోతే ఇంగో పంట తీసే శక్తి నాకు లేదు.”

“వేపనూనె?”

“వద్దు.”

“బూడిద?”

“అదీ ఆకు మీదనే పడతాది.”

“దండం పెడితే?”

“దూరం నుంచి పెట్టుకో.”

బకెట్టును రోడ్డు అవతలి దాకా మోసుకుపోయి పారబోశాను. ఇంక మిగిలింది వేళ్లు. నేనూ నా భార్యా తీగకు చెరోవైపు నిలబడి, కొసకొసనూ బొటనవేలితో తుడిచి, నీళ్లతో కడిగాము. ఆదివారం సాయంత్రానికి తీగ శుభ్రం. వచ్చే శనివారానికి మళ్లీ నలుపు. పేనుబంకకు వారానికి అయిదున్నర పనిదినాలు, మాకు ఒకటిన్నర.

హిందూపురంలో ఉన్నన్ని రోజులూ మనసంతా ఆ తీగ మీదే. బాణలి ముందు నిలబడి, ఇప్పుడు ఏ కొస దాకా పాకి ఉంటుందోనని లెక్కలు వేసేవాడిని. ఒక గుమస్తా, “ఏమప్పా, బజ్జీ ఇంత నల్లగా ఉండాది?” అని అడిగితే, పేనుబంక అనబోయి నాలుక కరుచుకున్నాను. పక్కింటామెకు ఫోన్ చేసి మా తీగ ఎలా ఉందని అడిగితే విసుక్కుంది.

“నీ తీగను పలకరించేదానికి నాకు టయిము యాడుండాదన్నా? ఆకు చాలక కొత్తచెరువు దాకా పోయి కొనుక్కొస్తాండా.”

ఆ మాట విన్నాక నాకు ఇంకా కాలు నిలవలేదు. ఆమెకు మా నేల నిజంగానే కావాలి. మాకు కావాలో వద్దో నాకే తెలియడం లేదు.

ఆమె పురుగులు నాలుగో జ్వరం దాటి, చంద్రికలనే వెదురు తడికెలెక్కి గూళ్లు కట్టడం మొదలుపెట్టిన శనివారమే మేము కాయలు కోశాము. బాగున్నవి కొన్ని, బంక పట్టి గిడసబారినవి చాలా. అన్నీ ఒలిచి చూస్తే గింజలు కుండలో సగానికి కూడా రాలేదు. తీగకు అక్కడక్కడ గుడ్డపీలికలు కట్టి ఉన్నాయి. చూస్తే తోటలోకెల్లా మంచి గుత్తులు అవే.

“ఇవి కొయ్యలేదేమే? ఇవి వేస్తే నిండతాది కదా.”

“అవి విత్తనానికి. చెట్టు మీదనే ఎండల్ల.”

“నేల ఇచ్చేసినాక విత్తనాలు యాడ ఏస్తావు? బజ్జీల కొట్టులోనా?”

ఆమె ఒక పీలిక వదులైతే గట్టిగా బిగించి కట్టి, లోపలికి పోయింది. నేను ఆ గుత్తి దగ్గరే నిలబడ్డాను. చెయ్యి వేస్తే కోయొచ్చు. వేయలేదు.

గింజలు నాని, పితకడం అయ్యి, కూర ఉడికేసరికి ఆదివారం పొద్దు వాలింది. గూడు కట్టేటప్పుడు కూడా ఘాటు తగలకూడదట. నేను చిన్న స్టవ్వు ఎత్తుకుని గాలికి దిగువన రోడ్డు మీదికి పోయి, గరిటెలో తిరగవాత వేసి, మూత పెట్టి ఇంటికి పరుగెత్తాను. ఆటోవాళ్లు బండి ఆపి మరీ చూశారు. వచ్చేసరికి ఆ తిరగవాతకు చిటపట కూడా మిగల్లేదు. అయినా వేశాము.

పక్కింటామెను పిలిచాము. చాలా రోజుల తర్వాత షెడ్డు వదిలి ఒకచోట కూర్చుందేమో, కళ్లు మూతలు పడుతున్నాయి. రెండుసార్లు కూర వేయించుకుంది. కుండ అంచు దాకా లేదని ఆమెకూ కనబడుతూనే ఉంది.

“ఏమన్నా, మరి నేల సంగతి?” అంది.

నా భార్య నా వైపు చూసింది. “పందెం నేను ఓడిపోయినా. చెప్పు నువ్వు.”

వీధి చివరిదాకా వినబడేలా మాట్లాడే నోరు నాది. ఆ ఒక్క మాట అనేముందు మాత్రం సంగటి ముద్దను అటూ ఇటూ తిప్పాను.

“ఇయ్యలేనమ్మా” అన్నాను. “పందెం ప్రకారమైతే ఇయ్యల్ల. కానీ తీగకు ఇంకా కాయలుండాయి.”

ఆమె చెయ్యి పళ్లెంలో ఆగింది. “నువ్వే కదన్నా, ఈడ ఉండలేను, తీసుకుందువులే అంటివి?”

“అంటి.”

“నేను ఆ లెక్కతోనే ఇంగో పంటకు పురుగుల గుడ్లు తెప్పియ్యమని చెప్పినా.”

ఏదైనా పరాచికమాడదామని చూశాను. ఒక్కటీ దొరకలేదు. ఆమె కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. పళ్లెం కడిగి పెట్టి, “పురుగులను చూడల్ల” అని లేచి పోయింది. రేపటి నుంచి నీళ్ల పైపు మా వైపు తిరుగుతుందో లేదో తెలియదు. అడిగే ముఖం నాకు లేదు.

“ఇంగ ప్రతి శనివారం రావల్ల, తెలుసునా?” అంది నా భార్య. గొంతులో సంతోషం ఉంది గానీ, కళ్లు షెడ్డు వైపే ఉన్నాయి.

“తెలుసు.”

“వస్తే కూర్చోవల్ల.”

నేను లేచి తీగ దగ్గరికి పోయి, మసక వెలుతురులో పీలికలు కట్టిన గుత్తులను వెతికి పట్టుకుని, వాటి చుట్టూ కొసలను బొటనవేలితో తుడవడం మొదలుపెట్టాను.

“అన్నా, ఆ చొక్కాతో కంచె దగ్గరికి రావాకు” అని షెడ్డులోంచి వినబడింది.

చొక్కా విప్పి గుమ్మం మీదికి విసిరేసి, మళ్లీ తుడిచాను.