అందరినీ పాస్ చేయించిన ఇనప జోడు

మొన్న మంగళవారం మా ఇంటి గేటుకి పాత మడతబందు ఏదైనా దొరుకుతుందేమోనని మాకవరపాలెం రోడ్డు మీదున్న పాత ఇనప సామాన్ల కొట్టుకి వెళ్ళాను. కొట్టతను అప్పుడే ఆటోలోంచి దింపించిన తుక్కుని కాలితో సర్దుతున్నాడు. అందులో ఇనుముని బిగించి పట్టే వైసులు తుప్పు పట్టినవీ కాళ్ళు విరిగిన బల్లలూ చూడగానే, అవి నేను ఇరవై రెండేళ్ళు ఫిట్టర్ పని నేర్పిన, అంటే నేర్పినట్టు జీతం తీసుకున్న, మా ట్రైనింగ్ సెంటర్ సామాన్లని పోల్చుకున్నాను. సెంటర్ ఎప్పుడో మూతపడింది, వాటికి ఇంతకంటే మంచి గతి ఏముంటుందిలే అని వెనక్కి తిరగబోతుంటే, ఒక వైసు పక్కన ఒకదాంట్లో ఒకటి ఇమిడిన అరచేతంత ఇనప ముక్కల జోడు కనిపించింది. వెయ్యి ముక్కల్లో పడేసినా దాన్ని గుర్తుపడతాను, మూల మీద ఆ నొక్కు నా చేతిలో పడ్డదే.

ఆ జోడు కథ చెప్పాలంటే ముందు మా గురువుగారి సంగతి చెప్పాలి. నాకు మీసాలు వచ్చీరాని వయసులో ఆయన ఒక చదరపు ఇనప ముక్క, ఒక ఆకురాయి చేతిలో పెట్టి, ఈ ముక్కకి గాడి తియ్యి, ఆ గాడిలో సందు లేకుండా కూర్చునేలా ఇంకో ముక్క అరగదీసి పట్రా అన్నారు. అదీ పరీక్ష. చేసి తీసుకెళ్తే ఆయన రెండూ కలిపి కిటికీ వెలుతురుకి పట్టేవారు, మధ్యలో దారప్పోగంత వెలుగు కనిపించినా తీసి బుట్టలో పడేసేవారు. అలా ఎన్ని జతలు బుట్టలో పడ్డాయో, అరచేతులు ఎన్నిసార్లు బొబ్బలెక్కాయో, ఆయన్ని మనసులో ఎన్ని తిట్లు తిట్టుకున్నానో! చివరికి వెలుగు దూరని రోజున ఆయన జోడుని నాకే ఇచ్చేసి, ఇక నీకు తిండికి లోటు లేదు పో అన్నారు. నిజంగానే లోటు రాలేదు.

నేను మాస్టారునై నర్సీపట్నం వచ్చిన మొదటి రెండేళ్ళూ బాగానే నేర్పాను, ఆ మాట గట్టిగా చెప్పగలను. మూడో ఏడు ఇనుము రాలేదు, ఆకురాళ్ళు అరిగి గరుకు పోయాయి, పరీక్ష మాత్రం ముంచుకొచ్చింది. పిల్లలు ఫెయిలైపోతారన్న జాలితో, ఈ ఒక్కసారికే కదా అని, నా జోడుని కిరసనాయిలుతో తుడిచి గరుకు కాగితంతో మెరిపించి పెట్టాను. పరీక్షకి వచ్చిన ఆయన ఒక్కొక్కరినే గదిలోకి పిలుస్తాడు, పిల్లవాడు సుద్దతో తన నెంబరు రాసిన జోడుని చూపించి బయటికొచ్చి వెనక కిటికీ దగ్గర తర్వాతివాడికి అందిస్తాడు, వాడు సుద్ద తుడిచి తన నెంబరు రాసుకుని లోపలికి వెళ్తాడు. పైనుంచి వచ్చిన ఆ పెద్దమనిషి ఒకే ముక్కని ఇరవైసార్లు చూసి ఇరవైమందికీ ఫస్టు క్లాసు వేసి, శుభ్రంగా భోంచేసి వెళ్ళిపోయాడు. మరుసటేడు ఇనుము వచ్చినా మేమెవరమూ ఆ కట్ట విప్పలేదు. ఏడాదికోసారి స్నానం చేయించి ముస్తాబు చేస్తాం కాబట్టి పిల్లలు ఆ జోడుకి పెళ్ళికూతురు అని పేరు పెట్టారు, వాళ్ళతోపాటు సిగ్గు లేకుండా నేనూ నవ్వాను.

నవ్వనిది ఒక్క పిల్లే. కొండల మీది ఏజెన్సీ ఊరి నుంచి వచ్చింది. తండ్రి పసుపు పండించేవాడు, వాళ్ళ ఇంట్లో పది దాటి చదివినది ఆమే. ఉద్యోగం వస్తే తమ్ముళ్ళిద్దరినీ కిందికి తెచ్చి చదివించాలని ఆమె ఆశ. పరీక్షకి ముందు ఒక రోజు నా బల్ల దగ్గరికొచ్చి నిలబడి, "మార్కులు సాలండి మాస్టారూ, ఆకురాయి పట్టడం ఒక్కపాలి సూపించండి" అంది. పరీక్ష అవనీ, తీరిగ్గా చూపిస్తానన్నాను. పరీక్ష అయింది, ఫస్టు క్లాసు వచ్చింది, నాకు తీరిక మాత్రం దొరకలేదు.

యలమంచిలి అవతల ఒక ఫ్యాక్టరీ నుంచి ఆమెకి పిలుపు వచ్చినప్పుడు తండ్రికి ఆ ఊళ్ళు తెలియవని నేనే తోడు వెళ్ళాను. వాళ్ళు కాగితాలు పక్కన పెట్టి ఇనప ముక్క, ఆకురాయి ఇచ్చారు. నేను కటకటాల బయట బెంచీ మీద కూర్చుని చూస్తున్నాను. ఆకురాయి ముందుకి తోసినప్పుడే కోస్తుంది, వెనక్కి తీసేటప్పుడు ఒత్తకూడదు, మొదటి రోజు చెప్పాల్సిన మాట అది. ఆ పిల్ల రెండువైపులా బలం కొద్దీ రుద్దుతోంది. మధ్యాహ్నానికి అరచెయ్యి చిట్లి ఇనుము మీద రక్తం పడింది, గాడి మాత్రం పడలేదు. ఫోర్‌మన్ దగ్గరికొచ్చి, ఫస్టు క్లాసంటున్నావు, నీకెవరమ్మా నేర్పింది అని అడిగాడు. ఆమె నావైపు ఒకసారి చూసింది.

"మాస్టారు బాగానే నేర్పేరండి. నాకే రానేదు."

తిరుగు బస్సులో ఆమె తన అరచేతికి తనే గుడ్డ కట్టుకుంది. ఆమె నన్ను ఒక్క మాట తిట్టి ఉంటే బాగుండేది. తమ్ముళ్ళు కిందికి రాలేదు, ఆమె మాత్రం కొన్నాళ్ళకి ఇక్కడే జీడిపిక్కలు కొట్టే షెడ్డులో చేరింది. పాతికేళ్ళుగా ఆ వీధి మొగలోనే నేను దారి మార్చి తిరుగుతున్నాను.

మొన్న కొట్టులో ఆ జోడు కొనుక్కుని మొదటిసారి ఆ షెడ్డుకి వెళ్ళాను. ఆమె జుట్టు నెరిసింది, జీడి రసానికి వేళ్ళు నల్లబడ్డాయి. బాగున్నారా మాస్టారూ అని స్టూలు వేసింది, జోడు చేతికిస్తే రెండూ కలిపి, నేనెప్పుడూ చెప్పకపోయినా, గుమ్మం వెలుతురుకి పట్టి చూసింది. ఇంత కాలానికీ వెలుగు దూరలేదు. తన కూతురు ఇంజనీరింగ్ పాసయి ఏడాది దాటిందని, వెళ్ళిన ప్రతిచోటా ఏటి సెయ్యగలవని అడిగి పంపేస్తున్నారని, ఏ కోపమూ లేకుండా చెప్పింది.

రేపట్నుంచి మీ అమ్మాయిని మా ఇంటికి పంపు, నేను నేర్పుతాను అందామనుకున్నాను. కానీ ఈ వయసులో ఆకురాయి కాదు కదా, ఆమె తెచ్చిన టీ గ్లాసే నా చేతుల్లో నిలవక సగం లుంగీ మీద ఒలికింది. మన రోజుల్లో ఊరికో కాలేజీ లేదు, ఇప్పుడు నర్సీపట్నంలో ఏ సందులో చూసినా బోర్డులే, పిల్లల దగ్గర కాగితాలకి కొదవ లేదు. వాటిని వెలుతురుకి పట్టి చూసి బుట్టలో పడేసే మనిషే ఎక్కడా కనబడడం లేదు, ఉండాల్సిన రోజుల్లో నేనూ అలా ఉండలేదు. ఆమె కొంగుతో నా చేతులు తుడిచి, జోడుని నా సంచిలో జాగ్రత్తగా పెట్టి, ఎండెక్కకముందే బేగి ఇంటికెళ్ళమంది.