ఒక్కావు పాలు

సోఫియా కుట్టు మిషను ముందు కూర్చుంటే పక్కన పిడుగు పడ్డా తల తిప్పదని మదనపల్లెలో ఆమెను ఎరిగినవాళ్లు అనేవారు. మిషన్ ఆసుపత్రిలో దుప్పట్లు, దిండు గలీబులు, అప్పుడే పుట్టిన బిడ్డల్ని చుట్టే మెత్తటి గుడ్డలు కుట్టడం ఆమె పని. ఎవరెవరి బిడ్డలో కళ్లయినా తెరవకముందే ఆమె కుట్టిన గుడ్డలో ఒదిగి పడుకునేవారు. ఆమెకు మాత్రం పెళ్లి కాలేదు. ఎవరైనా కదిలిస్తే, “ఆ దావలో బస్సు రాలేదులే తల్లీ” అని నవ్వేసేది.

చెల్లెలు చనిపోతే ఆమె కూతురు షారోన్‌ను తనే పెంచింది. కుప్పం అబ్బాయి డేనియల్‌కిచ్చి చర్చిలో పెళ్లి చేసింది. షారోన్ పుట్టింటికొచ్చి మగబిడ్డను కని, పచ్చి బాలింతరాలుగా ఉండగానే కామెర్లు ముదిరి చనిపోయింది. గుడ్డల్లో చుట్టిన బిడ్డ సోఫియా ఒళ్లో మిగిలాడు. జాన్సన్ అని పేరు పెట్టారు. నోటికి సులువుగా జానీ అయ్యాడు.

డేనియల్ తెల్లారి కుప్పంలో రైలెక్కి బెంగుళూరు కంపెనీకి పోతాడు, పొద్దుగూకాక వస్తాడు. ఇంట్లో వాళ్లమ్మ మేరమ్మ ఒక్కతే. ఆవిడ తెగేసి చెప్పింది.

“వదినా, నలుగుర్ని పెంచిన చేతులివి. కానీ ఈ డబ్బా పాలు నాతో కావు. చెంచా ఎక్కువైతే ఒక రోగమంట, తక్కువైతే ఒక రోగమంట. నాకు కండ్లు సరిగా అగుపడవు. నువ్వు ఆసుపత్రిలో ఉండేదానివి, నీకు తెలుస్తాది. ఆవు పాలకు మళ్లినాక పిల్చుకపోతాం.”

అలా ఒడంబడిక కుదిరింది. ఏడాది నిండేదాకా, డబ్బా పాలు తాగినన్నాళ్లూ సోఫియా దగ్గర. ఆవు పాలకు మళ్లితే కుప్పానికి.

ఆ మాటన్నప్పుడు ఏడాది అంటే ఎక్కడో కనపడని కొండ అనిపించింది. దగ్గరికొచ్చాక చూస్తే గట్టంత కూడా లేదు. అంతకుముందు సోఫియా గదిలో మనిషి గొంతు వినబడాలంటే తనే ఏదైనా పాట ఎత్తుకోవాలి. జానీ వచ్చాక గిన్నెకు గిన్నె తగిలి మోగేది, ఉగ్గు ఒలికేది, తలుపు వెనక నుంచి ఎవరో నవ్వేవారు. సాయంత్రం పని దిగగానే, పగలంతా వాణ్ణి చూసుకునే పక్కింటి మెహరున్నీసా గడప ముందు ఆమె చెప్పులుండేవి. చెప్పులు విడిచిందీ లేనిదీ ఆమెకే తెలిసేది కాదు.

మొదటి పుట్టినరోజు దాటాక ఆసుపత్రిలో డాక్టరమ్మ వాణ్ణి తూకం వేసి, “ఇంక ఆవు పాలు మొదలు పెట్టండి సోఫియమ్మా. బాగా కాచి ఇయ్యండి, నీళ్లు కలపొద్దు. సీసా మానిపించి గ్లాసుతో అలవాటు చేయండి. అన్నం, పప్పు, గుడ్డు మాత్రం తగ్గించొద్దు” అని చెప్పింది. ఏ ఆవు పాలన్నది ఆమె చెప్పలేదు. అది మేరమ్మ చెప్పింది, ఫోన్లో.

“పుంగనూరు ఆవు పాలే పట్టు వదినా. ప్యాకెట్ పాలొద్దు. పది ఆవులవి కలిపిన పాలొద్దు. బిడ్డకు ఒక్కావు పాలే పోయల్ల. మరిస్తివా ఏమన్నా!”

అని టప్పున ఫోను పెట్టేసింది.

ఈ మాట చెప్తే మెహరున్నీసా కడుపు పట్టుకుని నవ్వింది. “పుంగనూరు ఆవా! అల్లా! మోకాలెత్తు ఉంటాది సూడు, అదేనా? అది పుంగనూరులోనే దొరకదంట గదక్కా. మీ వదిన రేపు ఏనుగు పాలు కూడా అడుగుతాది.”

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక సోఫియా జానీని చంకనెత్తుకుని పుంగనూరు బస్సెక్కింది. సంత వీధిలో గడ్డి మోపులమ్మే ఎల్లప్పను అడిగితే ఆయన ఆమెను కిందికీ పైకీ చూశాడు.

“పొట్టావు పాలా? మా తాత కాలాన వచ్చింటే చెంబుతో పోసిచ్చుందుము తల్లీ. ఇప్పుడు వాటిని ఇండ్లల్లో సోఫాల పక్కన కట్టేసుకుంటాండారు. రా, ఉమాశంకర్ వాళ్లింట్లో ఒకటుండాది సూపిస్తా.”

ఉమాశంకర్ ఇంటి వసారాలో, చాప మీద, మెడలో గంటతో తెల్లటి పొట్టి ఆవు మహారాణిలా నిలబడి ఉంది. పాల మాట ఎత్తగానే ఆయన చేతులు అడ్డంగా ఊపాడు. “పాలు యాడివమ్మా? దూడ తాగంగా మాకు కాఫీకే మిగలవు. ఫోటో కావల్నంటే తీసుకో, వద్దనను.”

జానీ ఆవు తోక పట్టుకోబోయాడు. ఆవు వాడి వైపు తిరిగి ఉఫ్‌మని ఊదింది. వాడు ఉలిక్కిపడి, తర్వాత గట్టిగా నవ్వాడు.

తిరుగు బస్సులో వాడు ఒళ్లో నిద్రపోయాడు. వెతికినది దొరకలేదు కదా, బాధ పడాలి. సోఫియా తన లోపల ఎంత వెతికినా ఆ బాధ కనిపించలేదు. దొరకనిదాన్ని అడిగింది మేరమ్మే కాబట్టి తన తప్పేమీ లేదు. పుంగనూరు ఆవు దొరికేదాకా డబ్బా పాలే. డబ్బా పాలు ఉన్నన్నాళ్లూ బిడ్డ ఇక్కడే. కిటికీలోంచి టమోటా తోటలు వెనక్కి పోతుంటే ఆమె వాడి చెవి పక్కన చిన్నగా ఏదో పాడింది.

అప్పటి నుంచి డేనియల్ రోజూ రైల్లోంచి చేసే ఫోనుకు ఒకటే జవాబు. “దొరకలేదప్పా. ఇంకా అడుగుతాండాను.” బి.కొత్తకోటలో అడిగింది, వాల్మీకిపురంలో అడిగించింది. ఎవరూ లేదనే అన్నారు. లేదన్నప్పుడల్లా ఆమె ప్రాణం కుదుటపడేది.

కొన్నాళ్లకు మేరమ్మే ఫోను చేసింది.

“ఏం వదినా, ఆవు దొరకలేదని మావాడితో సెప్తాండావంట?”

“దొరకలే వదినా. పుంగనూరంతా తిరిగినా. ఒకరింట్లో ఉండాది గానీ పాలు లేవు.”

“ఇదేం సోద్యం! మా తమ్ముడు జేమ్స్ ఇంటి ముందర నిలువెత్తు ఆవు కట్టేసి ఉంటే దొరకలేదంటావేంది?”

సోఫియాకు అర్థం కాలేదు. “ఆయనది సీమావు గదా? నల్ల మచ్చలది?”

“సీమావో, ఊరావో! మేము జేమ్స్‌ను పుంగనూరోడంటాము, వాని ఆవును పుంగనూరు ఆవంటాము. మా ఇంట్లో సిన్నపిల్లోల్ని అడిగినా సెప్తారు. నువ్వు ఆ పొట్టావుల ఎనకాల యాల తిరిగినావు తల్లీ?” అవతల మేరమ్మ నవ్వు ఆగలేదు. నవ్వి నవ్వి దగ్గి, అసలు సంగతి చెప్పింది. “ఆ ఆవును నేను అడిగి పెట్టినా. బిడ్డతో పాటే కుప్పానికి తోలుకొస్తాము. ఆడ తాగిందీ అదే, ఈడ తాగేదీ అదే. ఒక్కావు పాలైతే కడుపు సెడదని మా యమ్మ సెప్పేది. జేమ్స్ దినామూ హోటళ్లకు పాలేసేదానికి మదనపల్లెకు వస్తాడు గదా, రేపట్నించి నీకిచ్చి పోతాడులే.”

సోఫియా కూడా నవ్వింది. నవ్వకపోతే బాగుండదు కదా.

మర్నాడు పొద్దున్నే జేమ్స్ మోటారు సైకిలు గుమ్మం ముందు ఆగింది. క్యాన్ల నడుమ వేరుగా పెట్టిన చిన్న చెంబు తీసి ఇచ్చాడు. “దీంట్లో వేరే ఆవుది ఒక్క సుక్క కలిసినా మా యక్క కుప్పం నుంచి నడిచొచ్చి నన్ను కొడతాది సోఫియమ్మా. జాగర్తగా తెచ్చినా.”

పాలు కాచి, ఆరబెట్టి, గ్లాసుతో నోటి దగ్గర పెడితే జానీ తుపుక్కున ఉమ్మేసి సీసా వైపు చెయ్యి చాచాడు. సీసాలోనే పోస్తే పీక చప్పరించి, మోసపోయినట్టు ఆమె మొహంలోకి చూసి విసిరేశాడు. చివరికి డబ్బా పాలలోనే కొంచెం కొంచెం ఆవు పాలు కలిపి పట్టింది. ఆ కొంచెం తాగాడు. మరి కాస్త పెంచితే అదీ తాగాడు. సగానికి సగం వచ్చాక సోఫియా చెయ్యి ఆగిపోయింది. రేపు పెంచుదాం అనుకునేది. రేపు వాడికి జలుబు చేసినట్టుండేది. ఆ మర్నాడు ఎండ ఎక్కువుండేది. పెంచకపోవడానికి ఏదో ఒకటి దొరుకుతూనే ఉంది.

ఒక సాయంత్రం ఆమె పని దిగి వచ్చేసరికి మెహరున్నీసా వాకిట్లోనే ఎదురొచ్చింది, మొహం చేటంత చేసుకుని.

“అక్కా, నీ మనవడు ఈ పొద్దు ఏం జేసినాడో తెలుసా? సీసా పీక కొరికి తెంపేసినాడు. ఇంకేం జేసేది? నువ్వు కాచి పెట్టిన పాలు గ్లాసులో పోసి మా పిల్లోళ్ల పక్కన కూర్చోబెట్టినా. వాళ్లు తాగతాంటే సూసి వీడూ గుటుక్కు గుటుక్కుమని తాగేసినాడు. డబ్బా పొడి గిడి ఏమీ కలపలే. గ్లాసు తిరగేసి సూపించినాడు కూడా!”

“ఉమ్మలేదా?”

“యాల ఉమ్ముతాడు? నన్ను సూస్తే వానికి సీసా గుర్తుకు రాదక్కా. నిన్ను సూస్తేనే వస్తాది.”

మెహరున్నీసా మెచ్చుకోలుగానే అంది. సోఫియా బిడ్డనెత్తుకుని గదిలోకి పోయి కూర్చుంది. వాడి పెదవి మీద పాల మీగడ తెల్లగా ఎండి ఉంది. వాణ్ణి చూస్తే ఆకలి లేదు, అలక లేదు. నిక్షేపంగా ఉన్నాడు.

ఫోను మోగింది. రైలు చప్పుడు, పల్లీలమ్మేవాడి కేక, వాటి వెనక డేనియల్ గొంతు.

“అత్తా, తాగినాడా?”

“ఇంకా లేదప్పా” అంది సోఫియా. అలవాటైన మాట. దానంతటదే వచ్చేసింది.

డేనియల్ రైలు చప్పుడుకు కాస్త దూరంగా జరిగినట్టుంది. గొంతు దగ్గరగా వినబడింది.

“తొందరేం లేదులే అత్తా. నిన్ను తొందరపెట్టేదానికి కాదు నేను ఫోన్ సేసేది. మొన్న ఆదివారం వచ్చినా గదా, ఎత్తుకుంటే నన్ను ‘మామా’ అన్నాడు. ఆ పక్కింటి పిల్లోళ్లు అట్ల పిలుస్తాంటే నేర్చుకున్నాడులే, సిన్నోడికేం తెలుసు. కంపెనీలో అందరికీ నవ్వుతానే సెప్పినా.” గొంతు సవరించుకున్నాడు. “రైలు దిగి ఇంటికి పోతే మాయమ్మ నిద్రపోయింటాది. మాట్లాడేదానికి ఎవరూ ఉండరు. అందుకని నీకు సేస్తా. తాగినాడా అని అడిగితే నువ్వు వాని గురించి నాలుగు మాటలు సెప్తావు గదా. అంతే.”

ఈ ఖాళీ గది సంగతి తన ఒక్కదానికే తెలుసనుకుంది సోఫియా ఇన్నాళ్లూ. అలాంటిదే ఇంకొకటి కుప్పంలో ఉంది. అందులో ఉండే మనిషి ఈ బిడ్డకు తండ్రి. ఒళ్లో జానీ ఆమె మెడలోని సిలువను నోట్లో పెట్టుకోవాలని చూస్తున్నాడు. దాన్ని మెల్లగా విడిపించింది.

“డేనియల్.”

“ఆఁ అత్తా.”

“తాగినాడప్పా. గ్లాసెడు. ఒట్టి ఆవు పాలే. మెహరున్నీసా పట్టింది. నేను ఇందాక లేదన్నది ఉత్త మాట.”

రైలు ఏదో వంతెన ఎక్కినట్టుంది, ఏమీ వినబడలేదు. తర్వాత డేనియల్ పక్కనున్న ఎవరికో గట్టిగా చెప్పడం వినిపించింది. “మావాడు గ్లాసు పాలు తాగినాడంట! ఆవు పాలు!” ఎవరో “సెబాష్” అన్నారు. ఆమె అన్న చివరి మాట అతను విన్నాడో లేదో. విన్నా మళ్లీ ఎప్పుడూ అడగలేదు.

తర్వాతి ఆదివారం డేనియల్ వచ్చాడు. జేమ్స్ ఆవు ముందురోజే చిన్న లారీలో కుప్పం చేరింది. బస్టాండులో కుప్పం బస్సు కిటికీ పక్క సీట్లో బిడ్డను కూర్చోబెట్టుకుని డేనియల్ మొహమాటంగా అన్నాడు. “నువ్వూ రా అత్తా. నాలుగు దినాలుండి పోదువు. కొత్త తావు, వీడు ఏడిస్తే మాయమ్మ తట్టుకోలేదు.”

సోఫియా కాలు ఫుట్‌బోర్డు మీద పెట్టబోయింది. పెట్టలేదు.

“నేనుంటే సీసా అడుగుతాడప్పా” అంది. “మీరు గ్లాసే పట్టండి. మొదటి పూట ఏడిస్తే ఏడవనీ. పక్కన ఎవరన్నా పిల్లోళ్లను కూర్చోబెట్టు. వాళ్లు తాగతాంటే తాగుతాడు.”

బస్సు కదిలింది. జానీ ఈ పక్కకు చూడలేదు. ముందు సీటులో ఎవరో జామకాయ కొరుకుతుంటే నోరు తెరుచుకుని అటే చూస్తున్నాడు. బస్సు బస్టాండు గేటు దాటి పుంగనూరు దారి పట్టేదాకా సోఫియా అక్కడే నిలబడింది. ఆ తర్వాతా నిలబడింది. ఇంటికి తొందరగా పోవలసిన పనేమీ లేదు.

“యాడికమ్మా?” అని కండక్టరు ఒకడు అడిగాడు.

“యాడికీ లేదు నాయనా” అంది, పక్కకు జరిగి దారిస్తూ.