"అన్నారు" చాలన్న మా సార్

ఆదివారం పొద్దున ఢిల్లీ లక్ష్మీ నగర్ నుంచి ఫోన్ వచ్చింది. మా సార్ అద్దెకుండే ఇంటి ఓనరమ్మ. "బేటా, అంకుల్ నహీ రహే" అంది. నిద్రలోనే పోయారట. ఆయన ఫోన్‌లో ఉన్న తెలుగు పేర్లన్నిటికీ చేసిందట, ఎత్తింది నేనొక్కదాన్నేనట.

మీలో ఎవరికీ ఆయన తెలిసి ఉండరు. తెరమీద కనిపించే ఉద్యోగం కాదు. కరోల్ బాగ్‌లో ఒక మేడమీద మా తెలుగు చానల్‌కి ఢిల్లీ ఆఫీసు ఉండేది. అక్కడ వార్తలు రాసే డెస్క్‌కి ఆయన ఇన్‌చార్జి. సివిల్స్ కోచింగ్‌కని వచ్చి, పరీక్ష తప్పి, ఇంటికెళ్ళే ముఖం లేక నేను అందులో చేరాను. ఎన్నికల రోజులు. నేను రాసిచ్చిన మొదటి వార్తలో ఒక నాయకుడు ఏదో "స్పష్టం చేశారు" అని రాశాను. సార్ ఆ మాట కొట్టేశారు.

"ఏం స్పష్టమైందమ్మా నీకు?"

"అంటే... గట్టిగా చెప్పారు సార్."

"గట్టిగా అరిస్తే స్పష్టమైపోతుందా? 'అన్నారు' అని రాయి, చాలు. అవతలాయనకీ అదే రాయి. ఈయన స్పష్టం చేసి, ఆయన ఆరోపిస్తే, ఇంక జనం ఓటెయ్యడం దేనికి? మనమే వేసేద్దాం."

అలా మా బులెటిన్లలో నాయకులందరూ "అన్నారు". వినడానికి ఎంత చప్పగా ఉండేదో, నేను లోపల్లోపల విసుక్కునేదాన్ని. ఆఫీసు కబుర్లలోనూ ఆయన వదిలేవారు కాదు. ఫలానావాడు ఉద్యోగం మానేస్తున్నాడంటే, "వాడన్నాడా, నువ్వనుకున్నావా?" అని అడిగేవారు. చాయ్ భయ్యా గ్లాసు పెట్టి "ఏక్‌దమ్ కడక్, సాబ్" అని తన టీని పొగుడుకుంటే, "అని ఆయన అన్నారు" అంటూ ఓ గుక్క తాగి చూసేవారు.

ఆ ఎన్నికల్లోనే హెడ్డాఫీసు నుంచి ఒక పెద్దమనిషి దిగాడు. మా యాజమాన్యానికి గిట్టని పార్టీ, తెలుగు ఉద్యోగులుండే ఒక కాలనీ మైదానంలో సభ పెట్టింది. ఖాళీ కుర్చీలు చూపించి, జనం రాలేదని వార్త వెయ్యమన్నాడాయన. సార్ కెమెరామన్‌ని పిలిచారు.

"ఇవి ఎప్పుడు తీశావు?"

"సభ మొదలవకముందు సార్. తర్వాత నిండిపోయింది."

"అయితే నిండినవీ వేద్దాం."

"ఖాళీవి చాలు. మీకు ఉద్యోగం అక్కర్లేదా?" అన్నాడు పెద్దమనిషి.

సార్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన భయపడ్డారు, నేను చూశాను. భార్య అప్పటికే పోయారు, పిల్లలు లేరు. ఆ డెస్క్ తప్ప ఆయనకు వేరే లోకం లేదు. "కుర్చీ ఖాళీగా ఉంటే ఉందని చెప్దామండీ. ఎప్పుడు ఖాళీగా ఉందో కూడా చెప్దాం" అన్నారు నెమ్మదిగా. బులెటిన్‌లో రెండూ వేశారు. మర్నాడు ఆయన సీట్లో ఇంకెవరో కూర్చున్నారు.

పోనీ ఆ పార్టీవాళ్ళయినా మెచ్చుకున్నారా అంటే, అదీ లేదు. వాళ్ళ నాయకుడికీ "అన్నారు" అనే వేశారని వాళ్ళకు కోపం. తెలుగు సంఘంలో రెండు పక్షాలవాళ్ళూ ఆయన్ని అవతలి మనిషనే అనుకున్నారు. పిలుపులు తగ్గాయి, తర్వాత ఫోన్లూ తగ్గాయి. రాసే మాటను ఆపి చూసుకోవడం నాకు ఆయన దగ్గరే అబ్బింది. ఇప్పుడు ఈ ఊళ్ళో నన్ను తెలుగులో మందలించేవాళ్ళు ఎవరూ మిగల్లేదు.

నేనుండే ఘాజియాబాద్ నుంచి ఆయన గదికి అప్పుడప్పుడు వెళ్ళేదాన్ని. ఒక్కరే ఎలా ఉంటున్నారు సార్ అంటే, "హాయిగా ఉందమ్మా. ఎవరూ రాకపోయినా నాకేం ఫర్వాలేదు. నువ్వూ ఇంత దూరం రాకు, బస్సుల్లో నలిగిపోతావు" అనేవారు. అంటూనే స్టవ్ వెలిగించి టీ పెట్టేవారు.

దహనం అయ్యాక ఓనరమ్మ ఆయన గది తలుపు తీసింది. మంచం కిందా బల్ల మీదా నేల మీదా పాత పేపర్లే. ఉన్న రెండు కుర్చీల్లో ఒకదాని మీదా పేపర్లే. రెండోదాని మీద మాత్రం ఒక్క కాగితం లేదు, దుమ్ము లేదు. దాన్ని రోజూ పొద్దున్నే తుడిచేవారని, తను మాత్రం మంచం మీదే కూర్చునేవారని ఓనరమ్మ చెప్పింది.

ఎవరూ రాకపోయినా ఫర్వాలేదని సార్ అన్నారు. అన్నారు, అంతే. ఆ కుర్చీ తలుపు వైపు తిరిగి ఉంది.