నవల వినే పంతులమ్మ

పంతులమ్మగారికి చూపు పోయింది గానీ తప్పులు పట్టే బుద్ధి పోలేదు. రోజూ మధ్యాహ్నం కిటికీ పక్కన మంచం మీద దిండుకు ఆనుకుని, పాత అలవాటు కొద్దీ కళ్లజోడు తుడిచి పెట్టుకుని, కోడలి చేత నవల చదివించుకునేది. కోడలు ఒక్క మాట మింగినా స్కేలుతో మంచంకోడు మీద టక్కున కొట్టేది. ఈసారి నవల ఆఫ్రికాలో జరిగిన అంతర్యుద్ధం మీద. ఊళ్లు తగలబడుతుంటే ఆవిడ ఆవలించేది. ఆకలికి పిల్లలు రాలిపోయే చోట మాత్రం "మళ్లీ చదువు" అనేది.

ఆ రోజు కథలో ఒక తల్లి బిడ్డను పూడ్చి వచ్చి, గిన్నె పట్టుకుని గంజి కోసం వరసలో నిలబడింది. "అచ్చం నీలాంటిదే! పిల్లాడు పోయిన నాడు నువ్వూ మెక్కావుగా" అంది అత్తగారు, నింపాదిగా దుప్పటి సర్దుకుంటూ. ఆ వేళ "నాటకాలొద్దు, తిను" అని కంచం ముందుకు తోసింది ఆవిడే. కోడలు పేజీ తిప్పింది. "ఊరంతా సరిహద్దు వైపు పారిపోతోంది. ముసలి తల్లిని మొయ్యలేక కొడుకు దారి పక్కన దింపేశాడు" అని గొంతు వణక్కుండా చదివింది.

"నీళ్లయినా పెట్టకుండానా?"

"అవునత్తయ్యా."

"మరి కోడలేమంది?"

"ఏమీ అనలేదు. నడుస్తూ పోయింది."

అత్తగారు గాల్లో తడుముకుని కోడలి చెయ్యి దొరకబుచ్చుకుంది. "వెనక్కి వస్తార్లేవే. ముందుకు చదువు."

"రాలేదత్తయ్యా" అంది కోడలు. ఆమె చూపు నిలిచిన పేజీలో ఆ ముసలామె, కొడుకు వీపు మీద, సరిహద్దు దాటుతోంది.