ఇద్దరి పథ్యం

కాలు విరిగితే నలుగురూ వచ్చి పలకరిస్తారు. జ్వరమొస్తే పండ్లు పట్టుకొస్తారు. కడుపు చెడితే మాత్రం మొహం పక్కకు తిప్పుకుని నవ్వుతారు. మనుషుల తీరే అంత, తిట్టి లాభం లేదు. అందుకే పైనాయన తన బాధ ఏళ్ల తరబడి భార్యకు తప్ప ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకున్న పాపానికి ఆవిడ అందులో సగం తన నెత్తిన వేసుకుంది. చివరికి ఆయన కడుపు కుదుటపడింది, ఆవిడే దక్కలేదు. ముందే చెప్పేయడం మంచిది, దాచిపెట్టి చివర్లో బయటపెట్టే సంగతి కాదిది.

పైనాయన అన్నది పెట్టిన పేరు కాదు, పనిచోట వచ్చింది. పెద్ద పెద్ద భవనాలు కట్టేచోట ఆకాశంలోకి నిలబడి ఉండే క్రేను నడుపుతాడాయన. నలభై మీటర్ల ఎత్తున, ఒక్క మనిషి పట్టే గాజు గదిలో, పొద్దున ఎక్కితే మధ్యాహ్నం భోజనానికే దిగడం. కింద పనిచేసేవాళ్లకు ఆయన మొహం కనపడదు, బరువు ఎత్తడం, దించడం కనపడుతుంది. ఇనుప దూలం రావడం ఆలస్యమైతే చాలు, రెండు చేతులూ జోడించి, "ఇక పైనాయన దయ" అనేవాళ్లు. ఆయనకూ ఆ పేరు నచ్చేది.

ఆ గాజు గదిలో అన్నీ ఉన్నాయి, మరుగుదొడ్డి ఒక్కటి తప్ప. పైగా ఈ పనికో నియమం ఉంది. కొక్కేనికి బరువు వేలాడుతుండగా ఆపరేటరు సీటు వదలకూడదు. బరువు నేలకు దించి, కింద సిగ్నల్ ఇచ్చే మనిషి "కొక్కెం ఖాళీ" అని వాకీటాకీలో చెప్పాకే నిచ్చెన మీద కాలు పెట్టాలి. మామూలు కడుపున్నవాడికి ఇదో లెక్కలోది కాదు. పైనాయన కడుపు మామూలుది కాదు. నాలుగు రోజులు బిగుసుకుని రాయిలా కూర్చునేది, అయిదో రోజు మెలిపెట్టి అయిదు నిమిషాలు కూడా గడువిచ్చేది కాదు.

ఒకరోజు రెండు టన్నుల దూలం గాల్లో ఉండగా మెలిపెట్టింది. పళ్లు బిగబట్టి, చెమటలు కక్కుకుంటూ, దూలాన్ని దాని చోట అంగుళం తేడా రాకుండా దించాడు. కొక్కెం ఖాళీ అన్నారు. నిచ్చెన సగం దిగేసరికి ఆయన వల్ల కాలేదు. కింద సిగ్నల్ మనిషి చూశాడు, ఒక్క క్షణంలో అర్థం చేసుకున్నాడు. "పైనుంచి నూనె కారుతోంది, ఎవరూ ఇటు రావద్దు!" అని అరిచి అందరినీ అవతలికి తరిమేశాడు. వెనక నీళ్ల పైపు దగ్గరికి తీసుకెళ్లి తన దగ్గరున్న ఇంకో ప్యాంటు ఇచ్చాడు. "అన్నా, ఈ సంగతి నా దగ్గరే ఉంటుంది" అన్నాడు. అన్నట్టే ఉంచుకున్నాడు కూడా. కానీ యాభై ఏళ్ల మనిషి, అంగుళం తేడా రాకుండా దూలాలు దించే మనిషి, ఆ రోజు ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

భార్య తలుపు దగ్గర నిలబడి చూసింది. ఆవిడ కుట్టుపని చేస్తుంది. ఇంటి ముందు గదిలో ఒక మిషను, ఒక అద్దం, వదులైన బట్టలు బిగించుకోవడానికీ బిగుతైనవి విప్పించుకోవడానికీ వచ్చే మనుషులు. ఓదార్పు మాటలు ఆవిడకు రావు. "లేవండి. రేపు ఆసుపత్రికి వెళ్తున్నాం" అంది, అంతే.

పరీక్షలన్నీ చేశారు. పుండు లేదు, పురుగు లేదు, గడ్డ లేదు. ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ అన్నారు. అంటే పేగు బాగానే ఉంటుందట, దాని నడతే బాగుండదట. ఆహారం గురించి చెప్పే డాక్టరమ్మ ఒకామె వాళ్లిద్దరినీ కూర్చోబెట్టి ఓపిగ్గా వివరించింది. పాలు, గోధుమ, ఉల్లి, వెల్లుల్లి, పప్పులు, ఆపిల్ పండు, కాఫీ ఆపేయమంది. అన్నం, బంగాళాదుంప, క్యారెట్, గుడ్డు, చేప తినమంది. ఒకే వేళకు, నిదానంగా నమిలి తినాలి. రోజూ అరగంట నడవాలి. సిగరెట్టు మానాలి. కంగారు పుడితే మెల్లగా లోపలికి గాలి పీల్చి, అంతకంటే మెల్లగా వదలాలి.

"ఆరు వారాలేనండీ. జీవితాంతం కాదు. ఆ తర్వాత ఒక్కొక్కటీ మళ్లీ మొదలుపెట్టాలి. మూడు రోజులు ఇది, మూడు రోజులు అది. ఏది పడదో అదొక్కటే మానేద్దాం" అందా అమ్మాయి.

భార్య నోటుబుక్కు కొంది. ఎడమ పేజీలో ఆయన తిన్నది, కుడి పేజీలో కడుపు ఎలా ఉన్నది. అంతటితో ఆగితే బాగుండేది. ఉన్నది ఒకటే పొయ్యి, రెండు వంటలెందుకని ఆవిడా అదే తినడం మొదలుపెట్టింది. ఉల్లిపాయ లేనిదే ముద్ద దిగని మనిషి! పచ్చి ఉల్లిపాయ కొరుక్కుతినే మనిషి! "మీ ముక్కుకి వాసన తగులుతుంటే మీకు పెట్టకుండా తినగలనా? ఆరు వారాలేగా" అంది.

నాలుగో వారానికి కడుపు చెప్పినమాట వినడం మొదలుపెట్టింది. ఆరో వారానికి పైనాయన పొద్దున ఎక్కి మధ్యాహ్నం దాకా దిగలేదు. మధ్యలో ఒక్కసారి కూడా. ఆ సాయంత్రం భార్యను వెంటబెట్టుకుని నడకకు వెళ్లి, వీధి చివర దాకా ఈల వేస్తూ నడిచాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయనకు ఈల వేయడం వచ్చని ఆవిడకు తెలియదు.

ఇక ఒక్కొక్కటీ మళ్లీ తినాల్సిన రోజు వచ్చింది. ఆ వారం పనిచోట పెద్ద నీళ్ల ట్యాంకు ఎక్కించాలి. "ఈ వారం వద్దే" అన్నాడు. పై వారం ఇంకేదో. డాక్టరమ్మ దగ్గరికి మళ్లీ వెళ్లాల్సిన తేదీ వచ్చింది, పోయింది. నిజానికి ఆయనకు భయం. ఆ నిచ్చెన భయం. ఒక మెట్టు మీద నిలదొక్కుకున్నవాడిని ఇంకో మెట్టు ఎక్కమంటే కాళ్లు వణుకుతాయి. భార్యా బలవంతపెట్టలేదు. ఈల వేసే మొగుణ్ణి చూశాక ఏ ఆడది బలవంతపెడుతుంది? ఆరు వారాలు ఆరు నెలలయ్యాయి. చూస్తుండగానే ఏడేళ్లయ్యాయి.

ఈ ఏడేళ్లలో పైనాయన కడుపు విషయంలో పండితుడైపోయాడు. మనుషులు చాటుగా వచ్చి సలహా అడిగేవాళ్లు. ఆయన చేయి చాపి, వేళ్లు ముడుస్తూ, ఏది తినాలో ఏది తినకూడదో గడగడా చెప్పేవాడు. ఆ డాక్టరమ్మ చెప్పిన ఆరు వారాల సంగతి ఒక్కటే ఆ వేళ్లలోకి వచ్చేది కాదు.

అలాంటి రోజుల్లో, భార్యకు యాభై మూడు నడుస్తుండగా, ఆవిడ నాలుగు ముద్దలకే కంచం పక్కకు జరపడం మొదలుపెట్టింది.

"కడుపు నిండిపోయినట్టుందండీ. ఉబ్బరంగా ఉంటోంది."

పైనాయన మొహం వెలిగింది. ఈ మాట రాయడానికి మనసొప్పదు కానీ నిజంగానే వెలిగింది. ఏడేళ్లుగా ఆవిడ ఆయనకు చేస్తూ వచ్చింది, ఇప్పుడు తను ఆవిడకు చేయగలడు. "నాకొచ్చిందే నీకూ వచ్చింది. ఏం కంగారుపడకు, దీని సంగతి నాకొదిలేయ్" అన్నాడు. నోటుబుక్కులో ఆవిడకో పేజీ తెరిచాడు. ముందు గుడ్డు మాన్పించాడు. తర్వాత చేప. తర్వాత నడక ఇంకో పావుగంట పెంచాడు. ఆవిడ ఎప్పట్లాగే మారు మాట్లాడకుండా చేసింది. ఒకసారి మాత్రం, "డాక్టరుకి చూపించుకుంటే?" అంది. "వాళ్లు మాత్రం ఏం చెప్తారే? అన్ని పరీక్షలూ చేసి చివరికి ఇదే చెప్తారు. నేను పడలేదూ?" అన్నాడు.

ఒక ఆదివారం ఆవిడ తన బట్టలే ముందేసుకుని కూర్చుంది. చేతుల దగ్గర కుట్టు లోపలికి వేస్తోంది, నడుం దగ్గర విప్పుతోంది. ఒకే బట్టకి ఒకచోట బిగించడం, ఒకచోట వదులు చేయడం.

"ఏంటే, టేపు తిరగేసి కొలిచావా?" అని నవ్వాడు పైనాయన.

ఆవిడ సూది ఆపి బట్ట తిప్పి చూసింది. "ఏమో, లెక్క కుదరడం లేదండీ" అంది. జీవితమంతా పరాయి ఒళ్లు కొలిచిన మనిషికి తన ఒంటి లెక్క తేడాగా ఉందని తెలియకుండా ఉంటుందా? తెలిసింది. చెప్పింది కూడా. ఆయనే వినలేదు.

అయిదు నెలలయ్యాక ఆవిడ చెల్లెలు చూసిపోదామని వచ్చింది. గుమ్మంలోనే నిలబడిపోయింది. అక్క చేయి పట్టుకుని చూసి, పొట్టవైపు చూసి, బావ మీద ఒంటికాలి మీద లేచింది.

"బావా, మీకసలు కళ్లున్నాయా? చేతులు పుల్లల్లా అయిపోయాయి, పొట్ట చూడండి ఎలా ఉందో! ఎవరికి చూపించారు?"

"నాకు తెలుసమ్మా దీని సంగతి. పథ్యంలో ఉంది, అందుకే చిక్కింది."

"పథ్యం చేస్తే పొట్ట పెరుగుతుందా?"

పైనాయన చేయి చాపాడు. వేళ్లు ముడవబోయిన చేయి అలాగే ఉండిపోయింది. ఆ ప్రశ్న ఆయనకు అంతవరకూ తట్టలేదు.

మర్నాడే ఆసుపత్రికి తీసుకెళ్లారు. స్కాన్ తీశారు. క్యాన్సర్ అండాశయంలో మొదలై కడుపంతా పాకిందన్నారు. పొట్టలో ఉన్నది గ్యాసు కాదు, నీరు. పెద్ద డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి, "ఎప్పటినుంచి ఇలా ఉందండీ?" అని అడిగింది.

ఏడేళ్ల కిందటి ఏ మంగళవారం తన కడుపు ఎలా ఉందో చెప్పగలిగిన మనిషి ఆయన. భార్య ఉబ్బరం ఏ నెలలో మొదలైందో ఠక్కున చెప్పలేకపోయాడు. ఆవిడే చెప్పింది.

అందరూ బయటికి వెళ్లాక ఆయన ఒక్కడే మళ్లీ లోపలికి వచ్చాడు. "నేనే ఆపానండీ డాక్టరు దగ్గరికి రాకుండా. అప్పుడే వచ్చుంటే?"

"ఖచ్చితంగా చెప్పలేను. ఇది చాలామందిలో ఆలస్యంగానే బయటపడుతుంది" అందావిడ. "కానీ ఈ వయసులో ఉబ్బరం కొత్తగా మొదలై రోజూ ఉంటే, అది మామూలు కడుపు బాధే అనుకుని ఊరుకోకూడదు. ఎవరికైనా ఇదే చెప్పండి" అంది.

భార్య తిడుతుందేమోనని చూశాడు. తిడితే బాగుండుననుకున్నాడు. ఆవిడ తిట్టలేదు. మందులు ఎక్కించినన్నాళ్లు ఎక్కించారు, జుట్టు ఊడింది, పొట్టలో నీరు తీయడం, మళ్లీ చేరడం. అయిదోసారి మందు ఎక్కించాక డాక్టరమ్మే ఇక చాలంది. "ఇంటికి తీసుకెళ్లండి. ఏది తినాలనిపిస్తే అది పెట్టండి. ఇక దేనికీ అడ్డు చెప్పకండి."

ఇంటికొచ్చిన మూడో రోజు మధ్యాహ్నం ఆవిడ అడిగింది, కాస్త సిగ్గుపడుతూ. "వెన్నలో ఉల్లిపాయలు ఎర్రగా వేయించి, కాల్చిన రొట్టె మీద వేసుకుని తినాలనుందండీ."

పైనాయన బజారుకు పరిగెత్తాడు. ఏడేళ్ల తర్వాత ఆ ఇంట్లో ఉల్లిపాయ వేగింది. ఆ వాసనకు ఆవిడ మంచం మీద లేచి కూర్చుంది, కళ్లు మూసుకుని గుండెల నిండా పీల్చుకుంది. రెండు ముక్కలు తింది. మూడోది నోటిదాకా తీసుకెళ్లి దించేసింది. పళ్లెం నిండా అలాగే మిగిలింది.

ఆ పళ్లెం చూస్తే ఆయనకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీదో తెలియదు. కుర్చీలో కూర్చుని గబగబా తినడం మొదలుపెట్టాడు. గోధుమ రొట్టె, వెన్న, ఉల్లిపాయ, పడనివన్నీ ఒకే పళ్లెంలో.

"అయ్యో, మీకు పడదు! ఏమండీ, వద్దండీ!" అని ఆవిడ లేవబోయింది. ఆయన ఆపలేదు. మెలిపెట్టనీ, చంపనీ, తనకు కావలసింది అదే అనుకున్నాడు. పళ్లెం ఊడ్చి తిని, నొప్పి కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాడు.

గంట గడిచింది. రెండు గంటలు గడిచాయి. ఏమీ లేదు. సాయంత్రమైంది. కడుపు తన మానాన తాను హాయిగా ఉంది, ఒక్క గుడగుడ కూడా లేదు. ఆయనకు మెల్లగా అర్థమైంది. ఉల్లిపాయ ఆయనకు పడుతుంది. ఎప్పటినుంచి పడుతోందో ఎవరికి తెలుసు? కడుపుని ఎవరూ అడిగి చూడలేదు. ఆ మొదటి డాక్టరమ్మ చెప్పినట్టు ఏడో వారంలో అడిగి ఉంటే, ఆవిడ ఇన్నేళ్లూ నోరు కట్టేసుకోవాల్సిన పని ఉండేది కాదు. చిక్కితే పథ్యం వల్లేనని అనుకోవాల్సిన పనీ ఉండేది కాదు. చిక్కిన మొదటి రోజే తెలిసేది.

"ఎలా ఉందండీ కడుపు?" అని మంచం మీంచి నాలుగోసారి అడిగింది ఆవిడ. ఆ మాటలో ఆత్రం ఉంది. కొద్ది రోజుల్లో పోబోతున్న మనిషి, మొగుడి కడుపు గురించి ఆత్రపడుతోంది.

పైనాయన బాత్రూములోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. కొళాయి తిప్పాడు. బకెట్టు నిండి పొర్లేదాకా నేల మీద కూర్చుని ఏడ్చాడు. మొహం కడుక్కుని బయటికొచ్చి, పొట్ట పట్టుకుని వంగి నడిచాడు. కాసేపాగి మళ్లీ వెళ్లాడు. మూడుసార్లు అలా వెళ్లొచ్చి మంచం పక్కన కూలబడ్డాడు.

"చంపేస్తోందే. పేగులు మెలిపెట్టేస్తున్నాయి" అన్నాడు.

"చూశారా, నేను చెప్పలేదూ?" ఆవిడ చేయి చాపి ఆయన పొట్ట మీద వేసింది. ఆ చేతికి బరువే లేదు. ఎన్నాళ్ల తర్వాతో ఆవిడ మొహం తేటపడింది. "నాకీమధ్య ఒకటే దిగులండీ, మనం అనవసరంగా మానేశామేమోనని. అయితే మనం చేసింది మంచిదే."

"మంచిదే" అన్నాడు పైనాయన.

"ఇంకెప్పుడూ ముట్టుకోకండి."

"ముట్టుకోను" అన్నాడు.