తమండ పెట్టిన సంతకం

మార్తా ఆ ఆఫీసులో చేరి పదకొండేళ్ళయింది. ఎడ్మంటన్‌లో ఒక విశ్వవిద్యాలయం. పరిశోధన గ్రాంట్లకు దరఖాస్తులు తయారుచేయించడం ఆమె ఉద్యోగం. ప్రొఫెసర్లు పరిశోధన గురించి రాస్తారు, దాని వెంట వెళ్ళవలసిన కాగితాలన్నీ ఆమె చూసుకుంటుంది. వాటిలో ఆమెకు పేరు తెచ్చింది సపోర్ట్ లెటర్. ఆఫ్రికాలోనో మరోచోటో ఉన్న భాగస్వామి, ఈ పరిశోధన మాకు కావాలి, మేమూ కలిసి చేస్తాం అని తన విభాగం తరఫున రాయవలసిన ఉత్తరం అది. భాగస్వామి రాయడు, మార్తా రాస్తుంది. అక్కడివాళ్ళు దాన్ని తమ లెటర్‌హెడ్ మీదికి ఎక్కించి, సంతకం చేసి పంపుతారు. ఇది తప్పని ఎవరూ అనుకోరు. "వాళ్ళకి టైం ఎక్కడుంటుంది పాపం" అంటారు.

ఈసారి ప్రకటించిన గ్రాంట్ ఆఫ్రికాలో పనిచేసే అధ్యాపకులకే. దరఖాస్తు వాళ్ళ పేరు మీద వెళ్ళాలి, కెనడా ప్రొఫెసర్ పక్కన ఉండవచ్చు. అందుకని ఇక్కడి ప్రొఫెసర్ జయదేవ్, మలావీ దేశంలోని జోంబాలో పనిచేసే తమండ అనే ఆవిడను వెతికి పట్టుకున్నాడు. వేరుశనగకాయలకు బూజు పట్టినప్పుడు పుట్టే విషం మీద ఆమె పన్నెండేళ్ళుగా పనిచేస్తోంది. దరఖాస్తులో మొదటి పేరు ఆమెదే. వెబ్‌సైట్‌లో ఆమె పేరున అకౌంట్ తెరిచింది మాత్రం మార్తా. పాస్‌వర్డ్ కూడా మార్తా దగ్గరే ఉంది. ఇదీ ఆ ఆఫీసులో మామూలే.

గడువు శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు. మార్తా రాసిన ఉత్తరం మీద తమండ సంతకం గురువారానికల్లా రావాలి. వచ్చింది వేరే ఉత్తరం, తమండ సొంతంగా రాసింది. రెండే పేరాలు. వేరుశనగ నమూనాలను ఎడ్మంటన్‌కు పంపనక్కర్లేదు, పరీక్షలు చేసే యంత్రాన్ని జోంబాలోనే పెట్టండి, నడిపే మనుషులు మాకున్నారు అని మొదటి పేరా. ఇంతకుముందు వేరే దేశాలవాళ్ళతో చేసిన రెండు ప్రాజెక్టుల్లో మేం పంపిన నమూనాల ఫలితాలు ఇప్పటికీ మాకు అందలేదని రెండోది. కృతజ్ఞత అన్న మాట వెతికినా లేదు.

జయదేవ్ కాఫీ కప్పుతో మార్తా గదిలోకి వచ్చి తలుపు మూశాడు. హైదరాబాద్ మనిషి, పదేళ్ళు టెక్సస్‌లో ఉండి ఇక్కడికి వచ్చాడు. పక్కన ఎవరూ లేకపోతే ఆమెతో తెలుగులోనే మాట్లాడతాడు.

"ఏంటండీ మార్తా గారూ ఇది? మనది కంప్లైంట్ బాక్స్ అనుకుందా ఆవిడ?"

"గ్రాంట్ ఆవిడదే కదా సార్."

"పేపర్ మీద అండీ, పేపర్ మీద. మెషిన్ అక్కడ పెడితే నా ల్యాబ్‌లో పోస్ట్‌డాక్‌లు ఏం చేయాలి, స్నో ఎత్తిపోయాలా?" తన జోకుకు తనే నవ్వాడు. "మీరు రాసిందే పెడదాం. బంగారం లాంటి లెటర్."

"సంతకం కావాలి కదా."

"సెప్టెంబర్‌లో వేరే ఫారం మీద పెట్టింది చూడండి. అది కట్ చేసి పేస్ట్ చేసేయండి. మనకేమన్నా ఫస్ట్ టైమా?"

మొదటిసారి కాదు. ఇంతకుముందు రెండుసార్లు చేసింది. చేసి, ఆ మధ్యాహ్నం డబ్బా విప్పుకుని పులిహోర తిన్నది కూడా. అది గుర్తొచ్చి ఇప్పుడు నోట్లో నీళ్ళూరాయి, వాంతికి ముందు ఊరినట్టు. ఆయన వదిలి వెళ్ళిన కప్పు అంచున పాల మీగడ ఎండి ఉంది. దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని చెత్తబుట్టలో పడేసింది.

శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి, పార్కింగ్‌లో చలికి ఇంజను గడ్డకట్టకుండా కారుకు హీటర్ వైరు తగిలించి, లోపలికి వస్తూనే తమండకు వీడియో కాల్ చేసింది. అక్కడ సాయంత్రం. తమండ వెనక కిటికీలో ఇంకా ఎండ ఉంది, గోడ వారన వేరుశనగ బస్తాలున్నాయి. ఇద్దరూ ఇంగ్లీషులో మాట్లాడుకున్నారు.

"నా సంతకానికి పంపిన ఆ ఉత్తరం జయదేవ్ రాసింది కాదు. ఆయనకంత ఓపిక లేదు" అంది తమండ.

"నేను రాశాను."

"మూడుచోట్ల 'మేమెంతో కృతజ్ఞులం' అన్నారు. ఎక్కడ నేర్చుకున్నారమ్మా ఇంత బాగా?"

ఆ వెటకారానికి మార్తా తల దించుకోలేదు. నరసాపురం మిషన్ హాస్టల్లో నేర్చుకున్నానని చెప్పింది. ఏటా డిసెంబరులో వార్డెన్ బోర్డు మీద ఉత్తరం రాసేది. సముద్రాల అవతల నుంచి తమను చదివిస్తున్న దొరసానులకు. పేరు, తరగతి, ఇష్టమైన సబ్జెక్టు దగ్గర ఖాళీలుండేవి. అవి నింపి మిగతాదంతా చూసి రాయాలి. ఆరో తరగతిలో మార్తా చివర సొంతంగా ఒక వాక్యం కలిపింది, నా మంచం మీద వాన కురుస్తోంది అని. వార్డెన్ చదివి, చింపి, కొత్త కాగితం ఇచ్చింది.

తమండ గట్టిగా నవ్వింది. "మా మిషన్ బడిలోనూ అంతే. మేమైతే కింద గొర్రెపిల్ల బొమ్మ కూడా వేయాలి. నాదెప్పుడూ కుక్కలా వచ్చేది."

మార్తా కూడా నవ్వింది. తర్వాత చెప్పింది. "మీ సంతకం అతికించమన్నారు. నేను అతికించను. పాస్‌వర్డ్ మార్చి మీకు పంపుతాను. పన్నెండులోపు ఏ ఉత్తరం పెడతారో, యంత్రం ఎక్కడ పెట్టాలని రాస్తారో మీ ఇష్టం."

"మీ ఉద్యోగం?"

"తిడతారు. అంతే."

జయదేవ్ పదింటికోసారి, పదకొండింటికోసారి ఫోన్ చేశాడు. ఆమె ఎత్తలేదు. పదకొండూ నలభైకి దరఖాస్తు అందినట్టు మెయిల్ వచ్చింది. మార్తా ఫైలు తెరిచింది.

అందులో ఉన్నది తన ఉత్తరమే. మూడు కృతజ్ఞతలూ ఉన్నాయి. యంత్రం ఎడ్మంటన్‌లోనే అని ఉంది. అడుగున నీలం ఇంకుతో తమండ సంతకం. ఈసారి అతికించింది కాదు, ఆమె కూర్చుని పెట్టింది.

వెంటనే తమండ నుంచి మెయిల్. "ఇద్దరు విద్యార్థుల చదువు దీని కోసం ఆగి ఉంది. నా ఉత్తరం పెడితే ఇది రాదని నాకు తెలుసు, మీకూ తెలుసు. మీ ఉత్తరం చాలా బాగుంది."

చివరి వాక్యాన్ని మార్తా రెండోసారి చదవలేకపోయింది. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

మూడింటికి జయదేవ్ డోనట్ల పెట్టెతో వచ్చాడు. "చూశారా, అనవసరంగా టెన్షన్ పెట్టారు. ఆవిడే తెలివిగలది. ఇంతకీ ఆ లెటర్ షేర్డ్ ఫోల్డర్‌లో టెంప్లేట్‌గా పెట్టండి. కొత్తగా చేరిన వికాస్‌కి పనికొస్తుంది. పేరూ దేశం దగ్గర ఖాళీలు వదిలేస్తే చాలు."

"డిలీట్ చేసేశాను సార్."

"అయితే మళ్ళీ రాయండి. మీకెంతసేపు?"

"నేను రాయనండీ. ఇది కాదు, ఇలాంటిది ఏదీ రాయను."

ఆయన ఆమె మొహంలోకి చూసి, అర్థంకాక, పెట్టెలోంచి ఒక డోనట్ తీసి కొరికాడు. చక్కెర పొడి ఆమె బల్ల మీద రాలింది. "రెస్ట్ తీసుకోండి మార్తా గారూ, టైర్డ్‌గా ఉన్నారు" అని వెళ్ళిపోయాడు.

ఆయన వెళ్ళాక ఆ ఫైలును నిజంగానే తీసేసింది. పదకొండేళ్ళ ఉత్తరాలున్న ఫోల్డర్ మొత్తం తీసేసింది. తడి కాగితంతో బల్ల తుడిచి, చేయి కడుక్కుని వచ్చి కూర్చుంది. తీసేసినందువల్ల ఏమీ పోలేదు. ఆ ఉత్తరం మొదటి వాక్యం నుంచి చివరిదాకా ఆమెకు కంఠతా వచ్చు. నరసాపురంలో బోర్డు మీదిది కూడా.